పాత 32 అంగుళాల టీవీకి స్టిక్ పెడదామా, కొత్త స్మార్ట్ టీవీ కొనెయ్యాలా? ఊళ్లో అమ్మానాన్నల కోసం

వంశధార ఒడ్డు, నరసన్నపేట

నమస్కారం అందరికీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను, మా ఊరు నరసన్నపేటకు దగ్గర్లో చిన్న పల్లె, ఇంట్లో అమ్మానాన్నలు ఇద్దరే ఉంటారు. 2014లో కొన్న 32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ ఒకటుంది. బొమ్మ ఇప్పటికీ శుభ్రంగా వస్తుంది, సౌండూ బాగానే ఉంది, కానీ స్మార్ట్ కాదు, కేబుల్ బాక్సు పెట్టుకుని చూడ్డమే. వెనకాల చూస్తే హెచ్‌డీఎంఐ సాకెట్లు రెండున్నాయి, ఒకదాంట్లో కేబుల్ బాక్సు ఉంది, రెండోది ఖాళీ. యూఎస్‌బీ సాకెట్ కూడా ఒకటుంది.

ఇప్పుడెందుకు అడుగుతున్నానంటే, మొన్న రథసప్తమికి ఊరెళ్లాను. నాన్నకు మోకాళ్ల నొప్పులు, అరసవల్లి క్యూలో గంటల తరబడి నిలబడే ఓపిక లేదు. సరే అని అర్ధరాత్రి దాటాక నా ఫోన్లో యూట్యూబ్ లైవ్ పెట్టి ఇచ్చాను. ఆ చిన్న తెర ముందు నాన్న, అమ్మ, పక్కింటి పెద్దమ్మ ముగ్గురూ తలలు ఆనించుకుని కూర్చున్నారు. అమ్మకు కళ్లజోడు పెట్టుకున్నా దగ్గరగా ఆనదు, ఫోన్ని చెయ్యి చాపి దూరంగా పట్టుకుంటుంది. క్షీరాభిషేకం జరుగుతుండగా బొటనవేలు తెరకి తగిలి ఆ వీడియో పోయి ఏదో సినిమా పాట మొదలైంది. "ఏటైపోయింది బాబూ, నేనేటీ నొక్కలేదు" అని అమ్మ కంగారు పడిపోయింది. నేను మళ్లీ వెతికి పెట్టేసరికి అభిషేకం సగం అయిపోయింది. గోడకి అంత టీవీ ఉండగా వీళ్లు ఇలా చూడాల్సి రావడం నాకు చాలా కష్టంగా అనిపించింది, ఆ రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు.

మా బావేమో ఎలాగూ పాతదైపోయింది, 43 అంగుళాల స్మార్ట్ టీవీ వాయిదాల్లో తీసెయ్యమంటున్నాడు. బాగున్న టీవీని తీసి మూల పడెయ్యడానికి నాకు మనసొప్పడం లేదు. టీవీకి గుచ్చితే నెట్‌లోంచి యూట్యూబ్, సినిమాలు చూపించే ఫైర్ స్టిక్ లాంటిది ఐదు వేల లోపు దొరుకుతుందని ఆఫీసులో చెప్పారు. కానీ పన్నెండేళ్ల నాటి టీవీకి అది పనిచేస్తుందా అని ఒక అనుమానం. ఇంట్లో వైఫై లేదు, నాన్న ఫోన్లో రోజుకి 2 జీబీ ప్యాక్ ఉంది, దాని హాట్‌స్పాట్ సరిపోతుందా అని ఇంకోటి. అన్నిటికన్నా పెద్ద టెన్షన్ రిమోట్. అమ్మకు కేబుల్ రిమోట్‌లో రెండు నంబర్లే గుర్తు, సీరియల్ ఛానెల్‌ది ఒకటి, భక్తి ఛానెల్‌ది ఒకటి. నేను పెట్టి వచ్చేశాక అది ఎవరూ ముట్టుకోకుండా ఉండిపోతే నాకు డబ్బు పోయిందని కాదు, వాళ్లు మళ్లీ ఆ ఫోనే పట్టుకుని కూర్చుంటారని బాధ. ఇంట్లో పెద్దవాళ్ల కోసం ఇలా పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.


రాజాం రిపేర్లు

తమ్ముడూ, నేను రాజాంలో ఇరవై రెండేళ్లుగా టీవీలు బాగుచేస్తున్నాను. మీ టీవీ మార్చక్కర్లేదు. ఖాళీ హెచ్‌డీఎంఐ సాకెట్ ఒకటుంది అన్నారు చూడండి, అది చాలు. స్టిక్ అంటే టీవీకి ఇంకో సెట్‌టాప్ బాక్సు లాంటిదే, కేబుల్ బాక్సు తీగలోంచి బొమ్మ తెస్తుంది, ఇది వైఫైలోంచి తెస్తుంది, టీవీ పని చూపించడం వరకే. అందుకని టీవీ ఏ కాలందైనా దానికి అడ్డం లేదు. ఇంకో మాట, స్మార్ట్ టీవీలు నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావాటికి తెర బంగారంలా ఉంటుంది, లోపలి సాఫ్ట్‌వేరే ముసలిదైపోయి యాప్‌లు తెరుచుకోవు. అప్పుడు ఆ స్మార్ట్ టీవీకి కూడా స్టిక్కే పెట్టిస్తున్నాను. స్టిక్ పాతదైతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నాను, స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ సాకెట్ నుంచి ఇవ్వొద్దు. పోయిన వేసవిలో చీపురుపల్లి వైపు నుంచి ఒకాయన ఆటోలో టీవీ వేసుకుని తెచ్చాడు. సినిమా పెట్టిన పది నిమిషాలకు తెర నల్లగా అయిపోయి మళ్లీ మొదటికి వస్తోందట, టీవీ పోయినట్టే అనుకున్నాడు పాపం, కొత్తది చూసి బేరం కూడా ఆడి వచ్చాడు. వెనక మూత విప్పి ఎల్‌ఈడీ పట్టీలు చూశాను, సప్లై బోర్డు మీద వోల్టేజీ కొలిచాను, అన్నీ సరిగ్గా ఉన్నాయి. కేబుల్ బాక్సు తగిలించి రెండు గంటలు వదిలేస్తే నిక్షేపంలా నడిచింది. మర్నాడు స్టిక్ కూడా పట్టుకురమ్మన్నాను. తెచ్చాడు, దాని వైరు తీసుకెళ్లి టీవీ వెనక యూఎస్‌బీలోనే గుచ్చాడు. అదీ సంగతి. మామూలు యూఎస్‌బీ 2.0 సాకెట్ లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంప్‌లు, అంటే రెండున్నర వాట్లు. ఫైర్ స్టిక్ లాంటివాటితో పెట్టెలో వచ్చే అడాప్టర్ మీద చూస్తే 5 వోల్టులు, 1 యాంప్ అని ఉంటుంది, అంటే ఐదు వాట్లు. ఖాళీగా ఉన్నంతసేపూ ఆ సగం కరెంటుతోనే నెట్టుకొస్తుంది, సినిమా మొదలై పని పెరిగేసరికి చాలక మళ్లీ మొదటినుంచి లేస్తుంది. పెట్టెలో వచ్చిన అడాప్టర్నే గోడ ప్లగ్గులో పెట్టాక ఆయన టీవీకి ఇంతవరకు ఏమీ కాలేదు, నేను ఒక్క స్క్రూ మార్చలేదు. టీవీ దగ్గర ప్లగ్గులు చాలకపోతే మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి కొనండి.

4కే స్టిక్, అంటే బొమ్మలో చుక్కలు బాగా ఎక్కువుండే రకం, కావాలా అని తర్వాత అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తాను. ఆ రోజుల్లో వచ్చిన 32 అంగుళాల టీవీలు చాలావరకు 1366 బై 768 చుక్కలవి. 4కే స్టిక్ పెట్టినా అది తగ్గించుకునే చూపిస్తుంది, బొమ్మలో తేడా ఉండదు. కాకపోతే మామూలు దాంట్లో ర్యామ్ 1 జీబీ, ఖరీదైన 4కే రకాల్లో 2 జీబీ ఉంటుంది, యాప్ నుంచి యాప్‌కి మారేటప్పుడు కొంచెం చురుగ్గా ఉంటుంది. యూట్యూబూ రెండు మూడు యాప్‌లూ చూసేవాళ్లకు మామూలుది సరిపోతుంది. గోడకి బిగించిన టీవీ అయితే పెట్టెలో జానెడు కూడా లేని చిన్న హెచ్‌డీఎంఐ వైరు ముక్క ఒకటి వస్తుంది, దాన్ని పారెయ్యకండి. దాంతో స్టిక్‌ని కొంచెం బయటికి వేలాడదీస్తే వేడీ తగ్గుతుంది, వైఫై కూడా బాగా అందుతుంది.

పిడుగులు పడే రోజుల్లో స్టిక్ అడాప్టర్, టీవీ ప్లగ్గు, కేబుల్ వైరు మూడూ పీకెయ్యమని అమ్మగారికి చెప్పండి. వేసవిలో సాయంత్రం వాన పడిందంటే మర్నాడు నా షాపు ముందు టీవీలు వరసకడతాయి, చాలావాటికి దెబ్బ తగిలేది తీగల్లోంచే.

ఇది చదివేవాళ్లలో పాత డబ్బా టీవీ ఉన్నవాళ్లుంటే, ఎరుపు తెలుపు పసుపు పిన్నులకు మార్చే డబ్బీ ఒకటి దొరుకుతుంది, దాంతో బొమ్మ వస్తుంది కానీ అక్షరాలు అలుక్కుపోతాయి, అంచులు తెగిపోతాయి. పెద్దవాళ్ల కళ్లకి అది శిక్ష. దాని మీద డబ్బు పెట్టొద్దు.


గంటస్తంభం సెంటర్, విజయనగరం

రాజాం అన్న టీవీ సంగతి చెప్పేశారు, నేను నెట్ సంగతి చెప్తాను, ఎందుకంటే నాకు దెబ్బ తగిలింది అక్కడే. మా నాన్నగారు గజపతినగరం దగ్గర పల్లెలో ఉంటారు. నేనూ మీలాగే ఆయన ఫోన్ హాట్‌స్పాట్ చాలనుకున్నాను. మొదటి రోజు సాయంత్రం బాగానే నడిచింది. మర్నాడు పొద్దున్న నాన్న ఫోన్ జేబులో పెట్టుకుని పొలానికి వెళ్లిపోయారు, ఇంట్లో అమ్మ చూస్తున్న ప్రవచనం ఆగిపోయింది. పాడైపోయిందనుకుని అమ్మ స్విచ్చి ఆపేసి ఊరుకుంది. సాయంత్రం నాన్న వచ్చాక మళ్లీ హాట్‌స్పాట్ ఆన్ చెయ్యాలి, అది చేతకాక నాకు ఫోన్ చెయ్యాలి, నేను మీటింగులో ఉంటాను. ఇలా ఆరు నెలలు నడిపాను, ఇప్పుడు తలుచుకుంటే వాళ్లని అన్నాళ్లు ఇబ్బంది పెట్టినందుకు బాధగా ఉంటుంది.

డేటా లెక్క కూడా చూడండి. నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెప్పే లెక్క హెచ్‌డీలో గంటకి 3 జీబీ వరకు, 4కేలో 7 జీబీ వరకు. రోజుకి 2 జీబీ అంటే హెచ్‌డీలో పెట్టిన సినిమా ఇంటర్వెల్ కూడా రాకముందే అయిపోవచ్చు, ఆ తర్వాత నాన్నకు వాట్సాప్ ఫొటో కూడా తెరుచుకోదు. ఫైర్ టీవీ సెట్టింగుల్లో డేటా మానిటరింగ్ అని ఉంటుంది, అందులో బొమ్మ నాణ్యత తగ్గించుకోవచ్చు, ఊరెళ్లిన నాలుగు రోజులకు అది పనికొస్తుంది కానీ రోజూ కాపురానికి పనికిరాదు.

కాబట్టి ముందు ఊళ్లోకి ఏ ఫైబర్ లైను వచ్చిందో కనుక్కోండి, స్టిక్ తర్వాత కొనొచ్చు. ఊళ్లో కేబుల్ వేసే కుర్రాడినే అడగండి, వాడికి అన్నీ తెలుస్తాయి. ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబర్‌లో మొదలైనప్పటినుంచి కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాక్కుంటూ పల్లెల్లోకి వచ్చింది, ప్రైవేటు వాళ్లూ చాలా ఊళ్లకి వస్తున్నారు. స్పీడు గురించి ఎక్కువ ఆలోచించొద్దు, హెచ్‌డీ సినిమాకి సెకనుకి 5 మెగాబిట్లు చాలు, అన్నిటికన్నా తక్కువ ప్లాన్ తీసుకున్నా ఇద్దరికి మిగిలిపోతుంది.

రౌటర్ ఎక్కడ పెట్టిస్తారో అదే ముఖ్యం. మా ఇంట్లో లైను వేసిన అబ్బాయి వీధి అరుగు పక్కన కిటికీకి కట్టేసి వెళ్లిపోయాడు, టీవీ నడింట్లో, మధ్యలో రెండు మట్టిగోడలు, ఒక్కో గోడ మూరెడు మందం. బొమ్మ వస్తూ ఆగుతూ ఉండేది. టీవీ ఉన్న గదిలోకి మార్పించాక ఒక్కసారి కూడా ఆగలేదు. మార్చడం కుదరకపోతే 2.4 గిగాహెర్ట్జ్ పేరుతో కనిపించే వైఫైకి కలపండి, 5 కన్నా అది గోడలు బాగా దాటుతుంది. రౌటర్‌కి చిన్న యూపీఎస్ దొరుకుతుంది, కరెంటు వచ్చీపోయే చోట అది ఉంటే నెట్ మాటిమాటికీ తెగదు.

కేబుల్ మాత్రం తీయించెయ్యకండి, తీసేస్తే కనీసం ఫ్రీ డిష్ అయినా ఉంచండి, దానికి నెలనెలా కట్టేదేమీ ఉండదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక అటువైపు స్తంభాలన్నీ నేలకొరిగాయి, మా పిన్ని వాళ్ల ఊరికి కరెంటు రావడానికే రోజులు పట్టింది. స్తంభం మీద తీగ పడిపోతే నెట్ కూడా దాంతోనే పోతుంది. డాబా మీద డిష్ నిలిచి ఉండి, ఇన్వర్టర్ ఉంటే వార్తలైనా తెలుస్తాయి. తుపాను వచ్చే జిల్లాలో ఉన్నవాళ్లం, ఒక్క దాని మీదే ఆధారపడకూడదని నా అభిప్రాయం.

మీ బావ మాట కూడా తీసి పారెయ్యక్కర్లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ధరలు దిగాయి. మీ టీవీ ఎప్పుడైనా పోతే అప్పుడు కొనండి, బాగున్నదాన్ని ఇప్పుడు పడెయ్యడం దేనికి.


పలాస కోడలు

మీరు రిమోట్ గురించి అడిగారు కదా తమ్ముడూ, అసలు కష్టం అదే, మిగతావన్నీ డబ్బుతో అయిపోతాయి. మా అత్తయ్యకు 68 ఏళ్లు. స్టిక్ పెట్టిన కొత్తలో రిమోట్ చేతికిస్తే తీసుకునేవారు కాదు, "నేను ముట్టుకుంటే పాడైపోద్ది, నువ్వే పెట్టమ్మా" అనేవారు. నేను స్కూలుకి వెళ్లిపోతే సాయంత్రం నాలుగున్నర దాకా టీవీ ఆపేసే ఉండేది.

నేనేం చేశానంటే, ఎర్ర గోళ్లరంగు తీసుకుని రిమోట్ మీద ఇల్లు బొమ్మ ఉన్న బటన్ మీద ఒక చుక్క పెట్టాను. గుండ్రంగా ఉన్న దాని మధ్యలో నొక్కేచోట ఇంకో చుక్క. వెనక్కి వెళ్లే బాణం మీద తెల్ల రంగు చుక్క. చుక్క కొంచెం ఉబ్బెత్తుగా ఆరుతుంది, చీకట్లో కూడా వేలికి తెలుస్తుంది. ఈ మూడూ, పక్కలకి జరిపే గుండ్రం, ఇంతే నేర్పాను. దారి తప్పితే ఇల్లు బొమ్మ నొక్కితే ఇంటికొచ్చేస్తారు అత్తయ్యా అని చెప్పాను, ఆ మాట ఆవిడకు బాగా పట్టింది. మైకు బటన్ గురించి మొదటి నెలంతా ఎత్తలేదు. అది నొక్కితే మన మాట వినే అలెక్సా మన దేశంలో ఇంగ్లీషు, హిందీలో వింటుంది, ఆవిడకు ఆ రెండూ రావు, అనవసరంగా భయపెట్టడం ఎందుకని.

ఇంకోటి, నేర్పేటప్పుడు వాళ్ల చేతిలోంచి రిమోట్ లాక్కోకండి. మా ఆయన అదే చేసేవారు, ఆవిడ రెండు క్షణాలు ఆలోచించేలోపు ఇటివ్వమ్మా అని తీసుకుని తనే నొక్కేసేవారు, అలా ఎన్నిసార్లు చూపించినా ఆవిడకు రాలేదు. నేను పక్కన కూర్చుని నోటితోనే చెప్పాను. ఒక యాప్ తెరవడానికి మొదటిరోజు పావుగంట పట్టింది, కానీ తన చేత్తో తెరిచారు. మర్నాడు నేను వచ్చేసరికి ఎస్‌వీబీసీలో పాట పెట్టుకుని గుమ్మడికాయ తరుగుతూ కూర్చున్నారు, ఆ సాయంత్రం నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

మీరు ఊళ్లో ఉండగానే కొన్ని పనులు చేసి రండి. వాళ్లకి కావలసిన యాప్‌లు నాలుగు మాత్రం ఉంచి, మూడు గీతల బటన్ నొక్కి వాటిని వరసలో ముందుకి జరపండి. ఏ సీరియల్ ఎక్కడ దొరుకుతుందో అమ్మగారిని అడిగి దాని ప్రకారం వేయండి, ఈటీవీవి ఈటీవీ విన్‌లో, జీ తెలుగువి జీ5లో, స్టార్ మావి జియోహాట్‌స్టార్‌లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో ఉంటాయి. అన్నిటికీ డబ్బు కట్టక్కర్లేదు, ఆవిడ చూసేది ఏదో దానికి కట్టండి చాలు. యూట్యూబ్‌లో ఎస్‌వీబీసీకి సబ్‌స్క్రైబ్ చేసి పెట్టండి, మధ్యాహ్నం 12 గంటలకు వచ్చే శ్రీవారి కల్యాణోత్సవం కోసం మా అత్తయ్య వంట ముందే ముగించేస్తారు. యూట్యూబ్ సెట్టింగుల్లో ఆటోప్లే ఆపెయ్యండి, లేకపోతే ఒకటి అయ్యాక ఇంకేదో దానంతట అదే మొదలై కంగారు పడతారు. కొనుగోళ్లకి పిన్ పెట్టడం మాత్రం మర్చిపోకండి, పేరెంటల్ కంట్రోల్స్‌లో ఉంటుంది. మా ఇంట్లో పిల్లాడు ఒకసారి తెలియక ఏదో చందా నొక్కేశాడు, అప్పటినుంచి పిన్ ఉంది.

ఇవన్నీ ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో మీ చేత్తోనే రాసి టీవీ పక్కన అతికించండి. మీ అక్షరం అమ్మకు అలవాటు కదా. విశాఖ వచ్చేశాక ఏమైనా అడిగితే వీడియో కాల్ చేసి ఫోన్ టీవీ వైపు తిప్పమనండి, ఫోన్లో చెప్తే అర్థం కానివి చూస్తే తెలిసిపోతాయి.


కోట జంక్షన్

ఇంత ఖర్చెందుకు బ్రో, ఆన్‌లైన్లో పద్దెనిమిది వందలకి ఆండ్రాయిడ్ బాక్సు వస్తుంది, అన్ని ఓటీటీలూ ఫ్రీగా వేసి ఇస్తారు. చందాలు ఏమీ అక్కర్లేదు. మా ఫ్రెండ్ వాడుతున్నాడు.


గంటస్తంభం సెంటర్, విజయనగరం

దయచేసి ఆ పని చెయ్యొద్దు, పెద్దవాళ్ల ఇంట్లో అసలు పెట్టొద్దు. పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్సుల్లో కొన్ని తయారీలోనే వైరస్‌తో వస్తున్నాయని 2025 జూన్‌లో అమెరికాలో ఎఫ్‌బీఐ హెచ్చరిక ఇచ్చింది, దాన్ని బ్యాడ్‌బాక్స్ 2.0 అంటున్నారు. ఆ మరుసటి నెలలో గూగుల్ దాన్ని నడిపేవాళ్ల మీద కేసు వేసినప్పుడు కోటి పైన పరికరాలకి అంటిందని చెప్పింది. అది ఉంటే బొమ్మ మామూలుగానే వస్తుంది, మీకేమీ తెలియదు, వెనకాల మీ ఇంటి నెట్ మీద నుంచి ఎవరో ఎక్కడో మోసాలు చేస్తుంటారు. అదే వైఫైకి నాన్నగారి ఫోన్ కూడా కలిసి ఉంటుంది, అందులో పింఛను వచ్చే బ్యాంకు యాప్ ఉంటుంది. నాకైతే నిద్ర పట్టదు. పైగా గుర్తింపు లేని బాక్సుల్లో నెట్‌ఫ్లిక్స్ లాంటివి ఎక్కినా మసక బొమ్మే ఇస్తాయి, హెచ్‌డీ ఇవ్వడానికి లోపల ఉండాల్సిన అనుమతి వాటికి ఉండదు.

ఫైర్ టీవీ కావచ్చు, గూగుల్ టీవీ ఉన్న మంచి కంపెనీ స్టిక్ కావచ్చు, ఏదైనా పర్వాలేదు. పాత క్రోమ్‌కాస్ట్ ఎవరైనా కొత్తదని అమ్మితే తెలుసుకుని కొనండి, వాటి తయారీని గూగుల్ 2024లోనే ఆపేసింది. 2025లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్‌లో అమెజాన్ సొంత సాఫ్ట్‌వేర్ వేగా ఓఎస్ ఉంటుంది, అందులో వాళ్ల యాప్‌స్టోర్‌లో ఉన్నవే ఎక్కుతాయి, అందుకని మీకు కావలసిన తెలుగు యాప్ అందులో ఉందో లేదో ముందు చూసుకోండి.


కోట జంక్షన్

ఇది నాకు తెలియదు అన్నా. మా ఫ్రెండ్‌కి ఇప్పుడే ఈ పోస్టు పంపిస్తున్నాను.


వంశధార ఒడ్డు, నరసన్నపేట

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా. ముందు ఫైబర్ లైను పెట్టించాను, ఎనిమిది రోజులు తిప్పించుకున్నారు కానీ వచ్చింది. రౌటర్ని టీవీ గదిలోనే పెట్టించాను, ఆ కుర్రాడు గుమ్మం పక్కన చాలదా అన్నాడు, గంటస్తంభం గారి రెండు మట్టిగోడలు గుర్తొచ్చి లోపలికే కావాలని పట్టుబట్టాను. మామూలు 1080 స్టిక్కే తీసుకున్నాను, పెట్టెలో అడాప్టర్‌తోనే గోడ ప్లగ్గులో పెట్టాను. మొదట ఎంతసేపు చూసినా తెర మీద నో సిగ్నల్ అనే వచ్చింది, గుండె జారిపోయింది. సోర్స్ మార్చి రెండో హెచ్‌డీఎంఐ పెడితే వెంటనే వచ్చింది.

అక్కా, మీరు చెప్పినట్టే చుక్కలు పెట్టాను. గోళ్లరంగు మా ఇంట్లో లేదు, పక్కింటి పెద్దమ్మ మనవరాలు ఇచ్చింది, ఊదారంగుది. అమ్మ మొదటిరోజు రిమోట్‌ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతుల్తో పట్టుకుని ఒక్కో వేలితో నెమ్మదిగా నొక్కింది. నాకు చెయ్యి చాపి చెప్పాలనిపించింది, ఆపుకున్నాను. మూడోరోజుకి తనే యూట్యూబ్ తెరిచి ఎస్‌వీబీసీ పెట్టింది. నాన్న ఆ రోజు పొద్దున్న టీవీ ముందు చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుని మరీ కూర్చున్నారు. పెద్దమ్మ ఇప్పుడు మధ్యాహ్నం భోజనం ఇక్కడికే తెచ్చుకుంటోంది.

ఒక్క ఇబ్బంది మిగిలింది. టీవీ ఆన్ చేస్తే ప్రతిసారీ కేబుల్ బాక్సుకే వెళ్తుంది. స్టిక్‌కి మార్చాలంటే టీవీ రిమోట్‌లో సోర్స్ నొక్కి, కిందకి రెండుసార్లు దిగి, ఓకే నొక్కాలి. అమ్మకు అక్కడ తడబాటు వస్తోంది, ఒకటి ఎక్కువ దిగితే మళ్లీ ఖాళీ తెర వస్తుంది, రోజుకి ఒకసారైనా ఫోన్ చేస్తోంది. సౌండ్ కూడా స్టిక్ రిమోట్‌తో పెరగడం లేదు, దానికి పాత రిమోట్ వెతుక్కోవాలి. దీనికేమైనా దారి ఉందా అన్నా?


రాజాం రిపేర్లు

ఉంది తమ్ముడూ. టీవీ మెనూలోకి వెళ్లి హెచ్‌డీఎంఐ సీఈసీ అనే దాన్ని వెతకండి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది, సామ్‌సంగ్ వాళ్లు ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్‌జీ వాళ్లు సింప్‌లింక్, సోనీ వాళ్లు బ్రావియా సింక్, కొన్నింట్లో ఉత్తినే హెచ్‌డీఎంఐ కంట్రోల్ అని ఉంటుంది. అది ఆన్ చెయ్యండి. తర్వాత స్టిక్ సెట్టింగుల్లో డిస్‌ప్లే అండ్ సౌండ్స్‌లో కూడా సీఈసీ ఆన్‌లో ఉందో లేదో చూడండి, రెండు వైపులా ఉండాలి. అప్పుడు అమ్మగారు స్టిక్ రిమోట్‌లో ఇల్లు బొమ్మ నొక్కితే టీవీ తనే ఆ సాకెట్‌కి మారిపోతుంది, సోర్స్ జోలికి వెళ్లక్కర్లేదు.

సౌండ్ సంగతి వేరు. స్టిక్ రిమోట్‌లో సౌండ్ బటన్లు పాత టీవీ రిమోట్ లాగే వెలుతురు సిగ్నల్‌తో పనిచేస్తాయి, అందుకని మీ టీవీ కంపెనీ ఏదో దానికి చెప్పాలి. సెట్టింగుల్లో ఎక్విప్‌మెంట్ కంట్రోల్ అని ఉంటుంది, అందులో టీవీ కంపెనీ పేరు ఎంచుకుంటే అది సౌండ్ పెంచి చూపించి వినబడిందా అని అడుగుతుంది, వినబడకపోతే ఇంకో కోడ్ పెట్టి మళ్లీ అడుగుతుంది, ఓపిగ్గా అన్నీ చూడండి. మీ కంపెనీ పేరు అందులో లేకపోతే మాత్రం పాత రిమోట్ తప్పదు, అప్పుడు దాని మీద సౌండ్ బటన్లకి కూడా చుక్కలు పెట్టెయ్యండి. పాత రిమోట్‌లో సెల్లులు కూడా మార్చండి, పన్నెండేళ్ల రిమోట్ అంటే స్ప్రింగు దగ్గర పచ్చగా చిలుం పట్టి ఉంటుంది, అగ్గిపుల్లతో గీకితే పోతుంది.


వంశధార ఒడ్డు, నరసన్నపేట

ఉంది అన్నా! రాత్రి వీడియో కాల్‌లో నాన్న ఫోన్ పట్టుకుంటే అమ్మ చేతే మెనూ తెరిపించాను, లోపల ఎక్కడో అడుగున హెచ్‌డీఎంఐ కంట్రోల్ అని ఉంది, ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసి ఇల్లు బొమ్మ నొక్కమన్నాను, కేబుల్ ఛానెల్ పోయి స్టిక్ దానంతట అదే వచ్చేసింది. అమ్మ నాలుగుసార్లు అటూ ఇటూ మార్చి చూసుకుంది. సౌండ్ ఇంకా పాత రిమోట్‌తోనే. ఆదివారం ఊరెళ్తున్నాను, ఆ కోడ్‌లన్నీ కూర్చుని చూస్తాను, సెల్లులు కూడా తీసుకెళ్తున్నాను.